కరకరలాడు బంగాళాదుంప: ఒక చారిత్రక పరిశీలన

బంగాళాదుంపలను పెద్ద ముక్కలుగా తరిగి, సగము ఉడికించి, నూనె పట్టించి, ఉప్పును రోజ్‌మేరీ ఆకును చేర్చి, బాగుగా కాగిన ఓవెనులో ముప్పావు గంట ఉంచినచో, పైన బంగారువన్నె పెళుసు పొరయు, లోన మెత్తని గుజ్జును గల ఒక వంటకము సిద్ధమగును. ఐరోపాలో ఇది ఆదివారపు భోజనమునకు అలంకారము; అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి ఇండ్లలో సైతము, ప్రతి వంటగదిలోను ఓవెను ఉండుటచేత, ఇది పరిచితమైనదే. పదార్థములు నాలుగైదు మాత్రమే. అయినను వీనిని ఒకే పళ్ళెమున చేర్చుటకు మానవులకు వేల యేండ్లు పట్టినది. దుంప పుట్టిన ఖండము ఒకటి, దానికి తోడైన నూనె, ఆకు పుట్టిన తీరము మరియొకటి. నలువైపుల నుండి వేడి నిచ్చు మూసిన పొయ్యి సామాన్యుని ఇంట అడుగుపెట్టుట పందొమ్మిదవ శతాబ్ది నాటి మాట. దుంపకు కొవ్వును, పొడి వేడియు ఒక్కచోట లభించిన వృత్తాంతమే ఈ వంటకపు అసలు చరిత్ర యని నా అభిప్రాయము.

దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతములలో, పెరూ, బొలీవియా దేశముల నడుమ 3,800 మీటర్ల ఎత్తున నున్న టిటికాకా సరస్సు పరిసరములలో, ఏడెనిమిది వేల యేండ్లకు పూర్వమే జనులు అడవి దుంపను సాగునకు తెచ్చిరి. మొక్కజొన్న సరిగా పండని ఆ శీతల భూములలో దుంపయే అన్నము. రాత్రి మంచున గడ్డకట్టించి, పగటి యెండలో ఆరబెట్టి, కాళ్ళతో త్రొక్కి నీరు పిండి, 'చూన్యో' అను ఎండుదుంపగా ఏండ్ల తరబడి నిల్వచేయు విద్య వారిదే. కాల్చుటలోను వారికొక ప్రత్యేక పద్ధతి కలదు. దానిని 'వాతియా' అందురు. దుంపలు త్రవ్వు కాలమున పొలములోనే మట్టిపెళ్ళలను గుమ్మటముగా పేర్చి, లోన మంట వేసి, పెళ్ళలు బాగుగా కాగిన పిమ్మట దుంపలను లోనికి వదలి, గుమ్మటమును వానిపై కూలద్రోసి కప్పివేయుదురు. ఆ మట్టి వేడికి దుంపలు తొక్కతోనే మగ్గును. నంజుకొనుటకు 'వాకతాయ్' అను ఘాటైన ఆకును మిరపకాయతో నూరుదురు. అది మన బంతిచెట్టుకు దగ్గరి చుట్టము. పుదీన కుటుంబమునకు చెందిన 'మూన్యా' ఆకును నిల్వ దుంపల నడుమ పరచి, పురుగును మొలకను అరికట్టుదురు. సుగంధపత్రములతో దుంపకు గల చెలిమి మధ్యధరా తీరమున మొదలైనదని తలచువారు ఈ సంగతిని గమనింపవలెను. ఆండీస్ వంటలో ఆకు ఉన్నది, నిప్పు ఉన్నది. కొవ్వు మాత్రము అందు ముఖ్యాంగము కాదు. కావుననే ఆ దుంప కమ్మగా మగ్గును గాని కరకరలాడదు.

స్పెయిన్ సైన్యములు 1532లో పెరూను ముట్టడించిన తరువాత, సియెసా దె లియోన్ అను చరిత్రకారుడు 1553లో ప్రకటించిన గ్రంథమున ఈ దుంపను వర్ణించెను. కెనరీ దీవుల నుండి 1567లో దుంపలు ఆంట్‌వెర్ప్ రేవునకు ఎగుమతి యైనట్లు లేఖనము కలదు. 1573 నాటికి సెవిల్ నగరములోని ఒక ఆసుపత్రి వారి జమాఖర్చులలో దుంపల కొనుగోలు కనిపించును. తరువాత కొంతకాలము ఇది వృక్షశాస్త్రజ్ఞుల తోటలలో వింతమొక్కగా పెరిగి, 1596లో స్విట్జర్లాండు పండితుడు గాస్పార్ బౌహిన్ చేత నేటి శాస్త్రీయ నామమును పొందినది.

ఆ మరుసటి యేట, అనగా 1597లో, లండనులో జాన్ జెరార్డ్ తన ఓషధి గ్రంథమును వెలువరించుచు, ఈ దుంపను నిప్పులలో కాల్చి తినవచ్చుననియు, లేక ఉడికించి నూనె, వెనిగరు, మిరియములతో తినవచ్చుననియు వ్రాసెను. వంటల చరిత్రను పరిశీలించువారికి ఈ ఒక్క మాట ఎంతయో విలువైనది. కాల్చిన దుంపకు నూనె లేదు. నూనె తగిలిన దుంపకు నిప్పు లేదు. రెండును ఒకే వాక్యములో పక్కపక్కనే నిలిచియున్నను, ఒకదానితో నొకటి కలియుటకు ఇంకను చాల కాలము పట్టెను.

ఈ నడిమి కాలపు కథ చాలమందికి తెలిసినదే. దుంప తిన్నచో కుష్ఠు వచ్చునన్న భయము ఫ్రాన్సును చాలకాలము పీడించెను. సప్తవర్ష సంగ్రామమున ప్రష్యా సైన్యమునకు చిక్కి, చెరసాలలో దుంపలనే ఆహారముగా పొందిన పార్మాంత్యే అను ఔషధ నిపుణుడు స్వదేశమునకు మరలివచ్చి చేసిన కృషివలన, 1772లో పారిస్ వైద్య విద్యాపీఠము దుంప భోజ్యమే యని ప్రకటించెను. ప్రష్యా ప్రభువైన రెండవ ఫ్రెడరిక్ 1756లోనే దుంపను నాటుడని ఆజ్ఞాపత్రము నిచ్చియుండెను. ఈ యత్నములన్నియు కరవును తరుముటకే. రుచి మాట అప్పటి కింకను రాలేదు.

రుచి మాట ఇంగ్లండులో వచ్చినది. ఇనుప చువ్వకు గ్రుచ్చిన మాంసమును మండుచున్న పొయ్యి ముందర మెల్లగా త్రిప్పుచు కాల్చుట ఆ దేశపు పాకశాస్త్రమునకు గర్వకారణము. చువ్వ క్రింద ఒక రేకుపళ్ళెము నుంచి, కారు కొవ్వును అందు పట్టెడివారు. ఆ కొవ్వులో పిండిజారు పోసి చేయు యార్క్‌షైర్ పుడ్డింగు హన్నా గ్లాస్ వ్రాసిన 1747 నాటి గ్రంథములోనే కలదు. పిండి చేరిన చోటికి దుంప చేరుట సహజము. విలియం కిచినర్ 1817లో ప్రకటించిన వంటల గ్రంథములో మాంసము క్రింద దుంపలను కాల్చు విధానము స్పష్టముగా చెప్పబడినది: పెద్ద దుంపలను సగము ఉడికించి, నీరు వార్చి, కాలుచున్న మాంసము క్రింద నుంచి, కారిన కొవ్వును వానిపై పోయుచు, ఒకవైపు ఎర్రబడిన పిమ్మట రెండవవైపు త్రిప్పవలెను. నేడు మనము చేయు పనికిని దీనికిని భేదము అత్యల్పము. ముందు నీరు, పిమ్మట కొవ్వు, ఆపై నిప్పు అను క్రమము అప్పటికే స్థిరపడినది. ఈ క్రమమును కనిపెట్టినది ఎవరో ఒక మహాపాచకుడని నేను నమ్మను. మాంసము కొద్దిగాను దుంపలు దండిగాను ఉన్న ఇండ్లలో, కారిన ప్రతి బొట్టును వృథాపోనీయక వాడుకొనిన గృహిణుల పొదుపే దీనికి జన్మకారణమై యుండవలెనని నాకు దృఢముగా తోచును.

ఇంతలో పొయ్యి స్వరూపమే మారెను. ఎక్సెటర్ పట్టణమున జార్జ్ బోడ్లీ 1802లో పైన ఇనుప పలకయు పక్కన ఓవెనును గల మూసిన పొయ్యికి పేటెంటు పొందెను. అటువంటి పొయ్యిని కొనలేని శ్రామిక కుటుంబములు, ఆదివారమునాడు మాంసమును దుంపలను ఒకే పళ్ళెమున సర్ది రొట్టెల దుకాణమునకు పంపి, అచ్చటి పొయ్యిలో కాల్పించుకొనెడివి. చార్లెస్ డికెన్స్ 1843లో వ్రాసిన క్రిస్మస్ కథలో ఈ ఆచారము ప్రసక్తమైనది. సరిగా ఆ దశకములోనే, 1845 మొదలుకొని, ఐర్లండులో తెగులు సోకి దుంప పంట నేలలోనే క్రుళ్ళిపోగా, సుమారు పది లక్షల మంది ఆకలిచేతను రోగములచేతను మరణించిరి. ఆ బీదలు దుంపను ఉడికించి మజ్జిగతో తిని బ్రదికినవారు. వారికి ఓవెను లేదు, కొవ్వు లేదు. ఒకే దుంప ఒక దీవిలో భోజనపు బల్లకు శోభ యగుచుండగా పక్క దీవిలో ప్రాణాధారమై యుండి అదియు కరువైనదన్న సంగతిని విడిచి ఈ వంటకపు చరిత్రను వ్రాయుట న్యాయము కాదు.

ఆకు విషయమునకు వత్తము. రోజ్‌మేరీ, థైమ్, సేజ్, ఒరెగానో అనునవి మధ్యధరా సముద్రతీరపు రాతిగుట్టలపై పెరుగు మొక్కలు. మన తులసి, పుదీనలతో ఏకకుటుంబమునకు చెందినవి. ఎండకు తట్టుకొనుటకై వాని ఆకులు చిన్నవై, దళసరివై, సుగంధ తైలములతో నిండియుండును. కొత్తిమీర వంటి లేతయాకు ఓవెను వేడిలో నిమిషములలో నల్లబడును గాని, రోజ్‌మేరీ చాలసేపు నిలువగలదు. ఇటలీ వారు ఆలివ్ నూనెతోను రోజ్‌మేరీతోను, గ్రీకులు నిమ్మరసముతోను ఒరెగానోతోను, నైరుతి ఫ్రాన్సులోని సార్లా వాసులు బాతు కొవ్వుతోను వెల్లుల్లితోను పార్స్లీతోను దుంపను అలంకరించిరి. వీనిలో గ్రీకుల దుంప రసము పీల్చి మెత్తనగునే గాని పెళుసు కాదు. దాని సౌందర్యము వేరు. కరకరలాడుటకు ఇటలీ మార్గమే ఉత్తమమని నా నిర్ణయము.

ఈ పెళుసుదనమునకు గల కారణమును శాస్త్రజ్ఞులు ఇరవయ్యవ శతాబ్దిలో తెలిసికొనిరి. ఫ్రెంచి వైద్యుడు లూయీ కామీ మయ్యార్ 1912లో ఆమినో ఆమ్లములును చక్కెరలును వేడికి కలిసి ఎర్రబడు చర్యను ప్రకటింపగా, అమెరికాలో జాన్ హాడ్జ్ 1953లో అందలి దశలను విశదీకరించెను. అయితే రంగు వేరు, పెళుసు వేరు. దుంపలోని పిండిరేణువులు 60, 70 డిగ్రీల సెల్సియస్ నడుమ నీరు పీల్చి ఉబ్బి గంజివలె నగును. ఉడికిన ముక్కలను వార్చి, ఆవిరి పోనిచ్చి, మూత పెట్టి గిన్నెను గట్టిగా కుదిపి చూడుడు: అంచులు చెదరి, ముక్కల చుట్టును తెల్లని గుజ్జు సున్నపుపూత వేసినట్లు అంటుకొనును. ఆ పూత నూనెను పీల్చి, ఓవెనులో నీరు కోల్పోయి బిగిసి, పెళుసు పొర యగును. నున్నగా కోసిన ముక్కకు ఇంతటి పొర రాదు. రెండు లీటర్ల నీటికి అర చెంచా వంటసోడా కలిపినచో, కణములను పట్టియుంచు పెక్టిన్ త్వరగా కరగి, ఈ పూత మరింత దట్టమగును. రంగు మాత్రము బంగారువన్నెతో ఆగవలెను. అతిగా వేగిన దుంపలో అక్రిలమైడ్ అను హానికర పదార్థము చేరునని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో వెల్లడించిరి.

భారతదేశమునకు దుంప పోర్చుగీసువారి వలన వచ్చి, ఆంగ్లేయుల కాలమున కొండసీమలలో వ్యాపించెను. స్వాతంత్ర్యానంతరము 1949లో పాట్నాలో స్థాపింపబడిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1956లో సిమ్లాకు తరలి, మన పగటి కాలమునకును వాతావరణమునకును తగిన కుఫ్రీ రకములను వెలయించెను. 1998 నాటి కుఫ్రీ చిప్సోనా రకములు వేయించుటకే ఉద్దేశింపబడినవి. తెలంగాణమున జహీరాబాదు ప్రాంతమునను, రాయలసీమలో మదనపల్లె, పుంగనూరు పరిసరములందును దుంప పండుచున్నను, మన బజారులలోని దుంపలో అధికభాగము ఉత్తరాది శీతల గిడ్డంగుల నుండి వచ్చునదే. చలికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారును. అట్టి దుంప ఓవెనులో లోపల ఉడుకకముందే పైన నల్లబడి చేదెక్కును. కొన్న దుంపలను ఒకటి రెండు వారములు వెలుతురు సోకని చోట, గది వేడిమిలో ఉంచినచో ఈ దోషము చాలవరకు తొలగును.

మన గృహములలో ఇనుప మూకుడునందలి వేపుడే ఈ వంటకమునకు దగ్గరి బంధువు. చిన్న ముక్కలు, ఎక్కువ నూనె, క్రింది నుండి మాత్రమే వేడి. కావున చేయి ఆడుచునే యుండవలెను. ఓవెనులో దీనికి విరుద్ధము: 220 డిగ్రీల వేడిలో, ముందుగా కాగిన పళ్ళెమున, ముక్కలు ఒకదాని కొకటి తగులకుండ పరచి, మొదటి ఇరువది నిమిషములు కదపకుండ విడువవలెను. క్రింది పొర గట్టిపడకముందు త్రిప్పినచో అది పళ్ళెమునకే అంటి ఊడివచ్చును. ఆకును వెల్లుల్లిని నూనెలో సన్నని సెగపై వెచ్చజేసి, వడగట్టి, ఆ నూనెను దుంపలకు పట్టించి, వేగిన ఆకును దించిన పిమ్మట కలుపుట మేలు. వెల్లుల్లి మాడదు, ఆకు నల్లబడదు. రోజ్‌మేరీ దొరకనిచోట ఈ పద్ధతి కరివేపాకునకు అక్షరాల వర్తించును. పచ్చి కరివేపాకు ఓవెనులో ఎండి వాసన కోల్పోవును గాని, నూనెలో ముందుగా వేయించి, ఉప్పుతోను కొద్ది మిరియపు పొడితోను చివర చల్లినచో, ఆ పరిమళము చెడక దుంపకు నిండుగా అంటుకొనును.