ప్రయాణంలో పొయ్యి: కుంపటి నుంచి గ్యాస్ గ్రిల్ వరకు



మనిషి ప్రయాణం చేసేటప్పుడు తిండిని వెంట తీసుకువెళ్లడం ఒక పద్ధతి. నిప్పునే వెంట తీసుకువెళ్లడం మరొక పద్ధతి. మొదటిదానికి ఒక మూట చాలు. రెండవదానికి కొంత విజ్ఞానం కావాలి. నిప్పును మోసుకుపోయే సాధనాలు గత రెండు శతాబ్దాలలో ఎలా మారాయో, ఆ మార్పుల వెనుక ఉన్న భౌతిక, రసాయన సూత్రాలేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇప్పుడు బజారులో దొరికే చిన్న గ్యాస్ స్టవ్‌ను, గ్రిల్‌ను ఎలా ఎంచుకోవాలో, ఎలా వాడాలో కూడా చివరలో చూద్దాం. ఈ చరిత్రకు ఒక రైలు పట్టణాన్ని ఆధారంగా తీసుకుందాం. అదే పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్.

రైలు పట్టణంలో తెలుగువారు

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. పంతొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి ఖరగ్‌పూర్ దాని ముఖ్యమైన కూడలిగా రూపొందింది. 1900లో రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తికావడంతో హౌరాకు నేరుగా దారి ఏర్పడింది. విజయవాడ నుంచి కటక్ వరకు 1890లలో వేసిన తూర్పు కోస్తా రైలుమార్గంలోని ఉత్తర భాగం 1902లో ఈ కంపెనీ చేతికి వచ్చింది. ఆ విధంగా వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే యాజమాన్యం కిందికి చేరాయి. వర్క్‌షాపులోను, లోకో షెడ్డులోను, స్టేషన్లలోను పనికోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వేలాది తెలుగు కుటుంబాలు తరలివచ్చాయి. వారి సంతతివారు నేటికీ మలంచా తదితర బస్తీలలో నివసిస్తున్నారు.

ఖరగ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి దూరం సుమారు 760 కిలోమీటర్లు. పండుగకో పెళ్లికో సొంత ఊరు వెళ్లాలంటే ఆవిరి ఇంజన్ల కాలంలో అది ఒక రోజు పట్టే ప్రయాణం. పులిహోర, అటుకులు, క్యారేజీలో అన్నం వెంట వచ్చేవి. ఇంజను డ్రైవర్లకు, గార్డులకు మాత్రం ప్రయాణమే ఉద్యోగం. వారు జెండాలు, దీపం ఉండే పెట్టెతోపాటు బియ్యం, పప్పు కూడా తీసుకువెళ్లి, గమ్యంలోని రన్నింగ్ రూములో వండించుకునేవారు. ఇంగ్లండులో అయితే ఇంజను సిబ్బంది బొగ్గు పారను శుభ్రంగా కడిగి, దానిమీద గుడ్లు, మాంసం వేయించుకునే అలవాటు ప్రసిద్ధం. కదిలే వాహనంలో గ్రిల్ వంటకు అదొక తొలి రూపం అనుకోవచ్చు.

కుంపటి: కనిపించే నిప్పు, కనిపించని విషం

మన ఇళ్లలో కుంపటి, బెంగాలీ ఇళ్లలో తోలా ఉనున్. రెండూ ఎత్తుకుపోవడానికి వీలైన పొయ్యిలే. తోలా ఉనున్ అంటే ఇనుప బకెట్టు లోపల మట్టి మెత్తి, మధ్యలో ఊచలు అమర్చిన బొగ్గు పొయ్యి. ఆరుబయట వెలిగించి, పొగ పోయాక లోపలికి తెచ్చుకుంటారు.

పొగ పోయినంత మాత్రాన ప్రమాదం పోదు. బొగ్గుకు చాలినంత ఆక్సిజన్ అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ వెలువడుతుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో ఇది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరచుకుంటుంది. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని నిద్రపోయినవారు తిరిగి లేవకపోవడానికి ఇదే కారణం. వాహనం లోపల బొగ్గుల గ్రిల్ పెట్టరాదనే నియమానికి మూలం కూడా ఇదే.

పంపు స్టవ్: పీడనం వంటింట్లోకి వచ్చింది

1892లో స్వీడన్‌కు చెందిన ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ వత్తి లేని కిరోసిన్ పొయ్యిని తయారుచేశాడు. అదే ప్రైమస్. మన ఇళ్లలో దాని పేరు పంపు స్టవ్. ఇత్తడి ట్యాంకులోకి పంపుతో గాలి ఎక్కించినప్పుడు ఆ పీడనానికి కిరసనాయిలు పైకి లేస్తుంది. ముందుగా స్పిరిట్‌తో వేడిచేసిన గొట్టంలో అది ఆవిరిగా మారి, సన్నని రంధ్రం గుండా వేగంగా దూసుకువచ్చి, గాలితో బాగా కలిసి నీలిమంటగా మండుతుంది. వత్తి స్టవ్‌లో ఎర్రగా, మసితో మండే కిరోసిన్ ఇక్కడ మసి లేకుండా మండడానికి కారణం ఈ కలయికే.

ధ్రువ యాత్రికుడు నాన్సెన్, ఆ తరువాత ఆముండ్సెన్ ప్రైమస్‌ను మంచు ప్రాంతాలకు తీసుకువెళ్లారు. 1953 ఎవరెస్టు యాత్రలోనూ అది ఉంది. మంచును కరిగించి తాగునీరు చేసుకోవడానికి అక్కడ వేరే దారి లేదు. అయితే ఈ పొయ్యి ఒక కొత్త సంగతిని కూడా నేర్పింది. పీడనంలో ఉన్న ఇంధనం వద్ద అజాగ్రత్త పనికిరాదు. రంధ్రం మూసుకుపోతే పిన్నుతో పొడవాలి. వాషరు అరిగితే మార్చాలి. వేడిగా ఉన్న ట్యాంకులో నూనె పోయరాదు.

గ్యాస్: సీసాలో దాగిన ఇంధనం

1910 ప్రాంతంలో అమెరికా గనుల శాఖకు చెందిన రసాయన శాస్త్రవేత్త వాల్టర్ స్నెలింగ్, పెట్రోలు నుంచి ఆవిరై పోతున్న వాయువులను పరిశీలించి ప్రొపేన్‌ను వేరుచేశాడు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ వద్ద, బ్యూటేన్ దాదాపు సున్నా డిగ్రీల వద్ద మరుగుతాయి. అంటే మన గది ఉష్ణోగ్రత వద్ద రెండూ వాయువులే. కొద్దిపాటి పీడనంతోనే వాటిని ద్రవంగా మార్చవచ్చు. ద్రవంగా ఉన్నప్పుడు అవి ఆక్రమించే చోటు, వాయువుగా ఉన్నప్పటి చోటులో సుమారు 250వ వంతు మాత్రమే. ప్రయాణానికి ఇంతకంటే అనువైన ఇంధనం ఏముంటుంది?

ఫ్రాన్స్‌లో 1949లో క్యాంపింగ్ గ్యాజ్ సంస్థ చిన్న సిలిండర్లతో శిబిరాల వంటను సులభం చేసింది. జపాన్‌లో ఇవతాని సంస్థ 1969లో క్యాసెట్‌లా అమర్చే డబ్బాతో బల్లమీద పెట్టుకునే స్టవ్‌ను విడుదల చేసింది. మన దేశంలో బర్మా షెల్ కంపెనీ 1955లో బొంబాయిలో వంటగ్యాస్ అమ్మకం ప్రారంభించింది. ఇండియన్ ఆయిల్ సంస్థ ఇండేన్ గ్యాస్‌ను 1965లో మొదటగా ఇచ్చింది కలకత్తాలోనే.

బండి మీద ఇల్లు

నివాసాన్నే చక్రాలమీద కట్టుకునే ఆలోచన మోటారు కంటే పాతది. 1885లో బ్రిటన్‌లో గార్డన్ స్టేబుల్స్ అనే రచయిత విహారం కోసం 'వాండరర్' అనే గుర్రపు బండి ఇంటిని తయారుచేయించుకున్నాడు. తరువాత మోటారు వచ్చింది, మోటార్‌హోమ్ వచ్చింది. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించింది. అయితే మనవారికి ఈ అనుభవం కొత్తది కాదు. వంటమనిషితో, సామానుతో బయలుదేరి పూరీ, గంగాసాగర్, కాశీ తిరిగివచ్చే యాత్రా బస్సు కూడా ఒక విధమైన కదిలే ఇల్లే. రైలులో ఒక పెట్టెనంతా అద్దెకు తీసుకుని రోజుల తరబడి అందులోనే ఉండే యాత్ర కూడా అటువంటిదే.

ఇక్కడే మనం ఒక విషాదాన్ని గుర్తుచేసుకోవాలి. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున తమిళనాడులోని మదురై స్టేషన్ యార్డులో నిలిపి ఉంచిన ఒక యాత్రికుల పెట్టెలో మంటలు లేచాయి. లక్నో నుంచి బయలుదేరిన ఆ ప్రైవేటు పర్యాటక పెట్టెలోకి నిబంధనలకు విరుద్ధంగా గ్యాస్ సిలిండరు చేరింది. టీ కాచుకునే ప్రయత్నంలో నిప్పంటుకుని తొమ్మిది మంది మరణించారు. పెట్టె కదలడం లేదు, ఢీకొనలేదు, పట్టాలు తప్పలేదు. ఒక్క పొయ్యి చాలింది.

1989 రైల్వే చట్టంలోని 67వ సెక్షన్ ప్రమాదకర వస్తువులను రైలులో తీసుకువెళ్లడాన్ని నియంత్రిస్తుంది. 164వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. నిండు సిలిండరైనా, అరచేతిలో పట్టే గ్యాస్ డబ్బా అయినా, కిరసనాయిలు అయినా రైలు పెట్టెలోకి తేరాదు. ఖరగ్‌పూర్ వంటి ఊరిలో ఈ నియమం ప్రతి ఇంటికీ తెలియాలి. ఎందుకంటే అక్కడ రైలు ఎక్కని కుటుంబం ఉండదు.

ఒక చిన్న లెక్క

గ్యాస్ డబ్బా చిన్నదే కదా అనుకునేవారి కోసం ఒక లెక్క చేద్దాం. బజారులో దొరికే డబ్బాలో సాధారణంగా 220 గ్రాముల బ్యూటేన్ ఉంటుంది. అది పూర్తిగా కారిపోతే, 30 డిగ్రీల వద్ద సుమారు 94 లీటర్ల వాయువు అవుతుంది. గాలిలో బ్యూటేన్ 1.8 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల ఎత్తు గల వ్యాను లోపలి ఘనపరిమాణం 5,400 లీటర్లు. 94ను 5,400తో భాగించి చూడండి: 1.7 శాతం! వ్యాను అంతటా సమానంగా పరచుకుంటేనే దాదాపు ప్రమాదపు హద్దు వరకు వచ్చింది. కాని ఈ వాయువు గాలికంటే రెండింతలు బరువైనది కాబట్టి సమానంగా పరచుకోదు. నేలమీద, పక్కల కింద పేరుకుంటుంది. అక్కడ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. వంటగ్యాస్‌కు స్వతహాగా వాసన లేదు. లీకు తెలియడం కోసమే మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థాన్ని కలుపుతారు. బెర్తుమీద పడుకున్నవాడి ముక్కు దాకా ఆ వాసన ఆలస్యంగా రావచ్చు.

ఎంచుకోవడం ఎలా?

మొదటి ప్రశ్న: మీరు వండేదేమిటి? అన్నం, చారు, టీ కావాలంటే గిన్నె నిలబడే బర్నరు కావాలి. వంకాయ, మొక్కజొన్న కంకి, చేప కాల్చాలంటే గ్రిల్ కావాలి. గిన్నె అడుగుకు వేడి ఎక్కువగా మంట నుంచి వచ్చే వేడి వాయువుల ద్వారా అందుతుంది. గ్రిల్‌లో ఎర్రగా కాలిన లోహం నుంచి వచ్చే ఉష్ణ వికిరణమూ ముఖ్యమే. బెంగాలీల బేగున్ పోడాకు, మన కాల్చిన వంకాయ పచ్చడికి ఆ పొగరుచి అలా వస్తుంది. చేపనుంచి, మాంసంనుంచి కారే కొవ్వు మంటలో పడి భగ్గుమనకుండా కింద పళ్లెం ఉన్న గ్రిల్‌ను ఎంచుకోవాలి.

రెండవ ప్రశ్న: ఎంత ఇంధనం? ఒక కిలో వంటగ్యాస్ దాదాపు 46 మెగాజౌళ్ల శక్తినిస్తుంది. 2 కిలోవాట్ల బర్నరు గంటకు 7.2 మెగాజౌళ్లు వాడుతుంది, అంటే సుమారు 155 గ్రాములు. 220 గ్రాముల డబ్బా గంటన్నరకు లోపే అయిపోతుంది. 5 కిలోల సిలిండరు 30 గంటలు దాటి వస్తుంది. రెండు రోజుల విహారానికి డబ్బాలు చాలు. వారం రోజుల రోడ్డు యాత్రకు చిన్న సిలిండరు నయం.

మూడవ ప్రశ్న: వెళ్లేది ఎక్కడికి? దీఘా సముద్రతీరంలో గాలి ఎక్కువ కాబట్టి బర్నరు చుట్టూ అడ్డు ఉన్న స్టవ్ కావాలి. డార్జిలింగ్ చలికాలపు రాత్రిలో ఒట్టి బ్యూటేన్ డబ్బా సరిగా వెలగదు. సున్నాకు దగ్గరైనకొద్దీ అది ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేన్ కలిసినదయితే పనిచేస్తుంది.

సిలిండరు కొనేటప్పుడు పైభాగపు పట్టీమీద ఉన్న అక్షరం, అంకె చూడండి. ఎ, బి, సి, డి అనేవి సంవత్సరంలోని నాలుగు త్రైమాసికాలు. సి-27 అంటే 2027 సెప్టెంబరులోగా దానిని మళ్లీ పరీక్షించాలి. గడువు దాటినదానిని తీసుకోవద్దు. పెద్ద సిలిండరు నుంచి చిన్నదానిలోకి గ్యాస్ నింపి అమ్మేవారి వద్దకు అసలు వెళ్లవద్దు. ద్రవం వ్యాకోచించడానికి సిలిండరులో కొంత ఖాళీ ఉండాలి. తూకం లేకుండా నింపితే ఆ ఖాళీ మిగలదు.

వాడడం ఎలా?

వాహనం ఆగాక, బయట, చదునైన నేలమీద మాత్రమే వెలిగించండి. సిలిండరును నిలువుగా ఉంచండి. పడుకోబెడితే వాయువుకు బదులు ద్రవం బర్నరులోకి వచ్చి మంట ఎగసిపడుతుంది. రబ్బరు గొట్టం కీళ్లవద్ద సబ్బునీళ్లు పూసి చూడండి. బుడగలు వస్తే లీకు ఉన్నట్లు. అగ్గిపుల్లతో పరీక్షించడం ఎన్నడూ చేయరాదు. బల్లమీది క్యాసెట్ స్టవ్‌పై డబ్బా గది మీదికి వచ్చేంత పెద్ద పెనం పెట్టవద్దు. ఆ వేడి డబ్బాలోని పీడనాన్ని పెంచుతుంది. వంట పూర్తికాగానే ముందు సిలిండరు వాల్వు కట్టేసి, గొట్టంలో మిగిలినది కాలిపోయాక స్టవ్ కట్టండి. మూసిన కారులో, బస్సు పైకప్పుమీద మే నెల ఎండలో సిలిండరును వదిలేయవద్దు.

ముగింపు

బొగ్గు తన ఉనికిని పొగతో చెప్పింది. కిరసనాయిలు వాసనతోను, మసితోను చెప్పింది. గ్యాస్ మాత్రం తనంతట తానుగా ఏమీ చెప్పదు. మనం దానికి వాసన కలిపాం, రెగ్యులేటరు అమర్చాం, పరీక్ష గడువు ముద్రించాం, చట్టం రాసుకున్నాం. ప్రయాణపు పొయ్యి చరిత్ర అంటే ఒక విధంగా ఈ జాగ్రత్తల చరిత్రే. వీటిలో ప్రతి ఒక్కటి ఎక్కడో ఎవరికో జరిగిన నష్టం నుంచి నేర్చుకున్నది.

అభ్యాసం: మీ ఇంటి సిలిండరుపై ఉన్న పరీక్ష గడువును, రబ్బరు గొట్టంపై ముద్రించిన సంవత్సరాన్ని పెద్దల సమక్షంలో చదివి రాసుకోండి. మీ కుటుంబం కారులో మూడు రోజులు వెళితే ఎంత గ్యాస్ అవసరమవుతుందో పైన ఇచ్చిన లెక్క ప్రకారం కట్టండి. రైలులో వెళితే ఆ లెక్క అవసరం లేదు. క్యారేజీ చాలు.