ఫోన్‌లో ఉద్యోగ ఇంటర్వ్యూ: ఇంట్లో ముందే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ఫోన్ ఇంటర్వ్యూ అంటే కంపెనీ వాళ్లు అభ్యర్థిని ఆఫీసుకు పిలిచే ముందు ఫోన్ చేసి, పదో ఇరవయ్యో నిమిషాలు మాట్లాడి చూసుకోవడం. కాల్ సెంటర్లు, షోరూములు, ఆసుపత్రి రిసెప్షన్, ప్రైవేటు స్కూళ్లు, గల్ఫ్ డ్రైవర్ పనులు, ఇలా చాలావాటికి మొదటి వడపోత ఇప్పుడు ఫోన్‌లోనే జరుగుతోంది. నందవరం పిల్లలకు ఇది ఒకరకంగా మేలే. బెంగళూరు పోయి రావాలంటే ఒక రాత్రి ప్రయాణం, చార్జీలు, రెండు రోజుల పని పోతాయి. ఫోన్ అయితే ఇంట్లోనే కూర్చుని మాట్లాడొచ్చు. కానీ ఇల్లు ఇల్లే, ఆఫీసు కాదు. అందుకే ఈ ఇంటర్వ్యూకు అభ్యర్థి ఒక్కరే తయారైతే చాలదు, ఇంట్లో వాళ్లు కూడా తయారవ్వాలి.

మొదటి చిక్కు నంబర్ దగ్గరే వస్తుంది. దరఖాస్తులో, ముఖ్యంగా ఆడపిల్లల దరఖాస్తులో, అబ్బా నంబరో అన్న నంబరో రాస్తుంటారు. అన్న బెంగళూరులో పనిలో ఉంటాడు, అబ్బా ఆదోని మార్కెట్ యార్డులో పత్తి బేళ్ల మధ్య ఉంటాడు. ఫోన్ వచ్చిన సంగతి సాయంత్రం తెలుస్తుంది, అప్పటికి అవకాశం ఇంకొకరికి పోయి ఉంటుంది. అభ్యర్థి దగ్గర ఉండే ఫోన్ నంబరే రాయాలి. ఇంట్లో ఒకే ఫోన్ ఉంటే దరఖాస్తు పెట్టిన రోజు నుంచి రెండు మూడు వారాలు అది పగటిపూట ఇంట్లోనే ఉండేలా మాట్లాడుకోవాలి. ఒకవేళ ఫోన్ అబ్బా ఎత్తితే "ఒక్క నిమిషం సార్, అమ్మాయికి ఇస్తున్నా" అంటే చాలు. మా అమ్మాయి ఇది చదివింది, అది వచ్చు అని ఆయనే చెప్పడం మొదలుపెడితే అవతలివాళ్లు విని, థాంక్స్ చెప్పి పెట్టేస్తారు. వాళ్లకు కావాల్సింది పని చేసే మనిషి గొంతు.

తెలియని నంబర్లు ఎత్తని అలవాటు కూడా ఈ కొన్ని వారాలు పక్కన పెట్టాలి. 080తో మొదలయ్యేది బెంగళూరు ల్యాండ్‌లైన్, 040 హైదరాబాద్, 044 చెన్నై. 140తో మొదలయ్యేవి ప్రచార కాల్స్, వాటిని వదిలేయొచ్చు. ఫోన్ వచ్చినప్పుడు బస్సులోనో పొలంలోనో ఉంటే అక్కడే అరుస్తూ మాట్లాడక్కర్లేదు. "సార్, ప్రయాణంలో ఉన్నా, అరగంట తర్వాత మాట్లాడొచ్చా? మీ పేరు చెప్తారా?" అని అడిగితే ఎవరూ తప్పుగా తీసుకోరు.

టైము వాళ్లే అడిగితే ఇంటి పద్ధతి చూసుకుని చెప్పాలి. శుక్రవారం జుమా వేళ, అజాన్ మైకు వినిపించే నిమిషాలు, పిల్లలు బడి నుంచి వచ్చే వేళ తప్పించి మిగతా సమయం ఇవ్వొచ్చు. గల్ఫ్ నుంచి కాల్ అయితే గడియారం లెక్క ముఖ్యం. సౌదీ, కువైట్, ఖతార్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. రియాద్‌లో ఉదయం 10 అంటే నందవరంలో మధ్యాహ్నం 12:30. సౌదీలో వారాంతం శుక్ర, శనివారాలు. కాబట్టి ఆదివారం ఫోన్ వస్తే అనుమానపడే పనిలేదు, అది వాళ్లకు పనిదినమే.

భాషల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ ప్రాంతం పిల్లలు చేతిలో ఉన్నదాన్ని వదిలేసుకునేది ఇక్కడే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ బంధం ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, సంతలో కన్నడ, ఇలా మూడు భాషలు ఎవరూ నేర్పకుండానే వచ్చేస్తాయి. బెంగళూరు, హైదరాబాద్ కాల్ సెంటర్లు తెలుగు, కన్నడ, హిందీ కస్టమర్ల కోసం విడివిడిగా మనుషుల్ని పెట్టుకుంటాయి. అలాంటి చోట మూడూ వచ్చినవాళ్లు కావాల్సినవాళ్లే. అయినా మన పిల్లలు ఫోన్ ఎత్తగానే "సారీ సార్, నాకు ఇంగ్లీష్ అంత రాదు" అని మొదలుపెడతారు. అడగకముందే ఆ మాట ఎందుకు? "తెలుగు, హిందీ, కన్నడ బాగా మాట్లాడతా. ఇంగ్లీష్ చదివి అర్థం చేసుకుంటా, మాట్లాడటం నేర్చుకుంటున్నా" అంటే అదే నిజం, కానీ ఉన్నది ముందు వస్తుంది.

హిందీలో మాట్లాడమంటే ఒక జాగ్రత్త. ఇంట్లో మాట్లాడే దక్కనీలో తప్పేమీ లేదు, కానీ ఢిల్లీ వైపు కస్టమర్‌కు అది అందదు. "హౌ" బదులు "జీ హా", "నక్కో" బదులు "నహీ చాహియే", "కైకు" బదులు "క్యోం". ఈ నాలుగైదు మాటలు వారం రోజులు ఇంట్లో వాళ్లతో సరదాగా అలవాటు చేసుకుంటే సరిపోతుంది. నానీమా నవ్వినా పర్లేదు.

తర్వాత పేరు. షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల లాంటి ఇంటిపేర్లు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగ్‌తో, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగ్‌తో, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒట్టి ఇనిషియల్‌గా ఉంటాయి. "మీ సర్‌నేమ్ ఏంటి, ఫస్ట్‌నేమ్ ఏంటి" అని అడిగేసరికి తడబాటు. ఇంటర్వ్యూకు ముందే కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూసి, సర్టిఫికెట్‌లో ఉన్నట్టే చెప్పాలి. ఆధార్‌లో తేడా ఉంటే అడిగినప్పుడు దాచకుండా చెప్పి, సరిచేయించుకుంటున్నామని చెప్పాలి, నిజంగా సరిచేయించుకోవాలి కూడా.

అక్షరాలు ఫోన్‌లో తప్పుగా వినపడటానికి కారణం ఉంది. మామూలు ఫోన్ కాల్ దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య శబ్దాలనే మోస్తుంది. స, ఫ లాంటి ధ్వనుల్ని వేరుచేసి చూపే శబ్దం ఎక్కువగా అంతకు పైన ఉంటుంది. అందుకే ఎస్ అంటే ఎఫ్‌లా, ఎం అంటే ఎన్‌లా వినిపిస్తుంది. "ఎస్ ఫర్ సికింద్రాబాద్, ఎఫ్ ఫర్ ఫరూఖ్, ఎం ఫర్ మద్రాస్, ఎన్ ఫర్ నెల్లూరు" అని తన పేరు మొత్తం ఒకసారి కాగితం మీద రాసి పెట్టుకుంటే ఆగకుండా చదివేయొచ్చు.

ఫోన్ ఇంటర్వ్యూలో ఉన్న పెద్ద వెసులుబాటు ఈ కాగితమే. ఎదురుగా ఎవరూ చూడరు కాబట్టి రెస్యూమె, మార్కుల జాబితా, చదివిన సంవత్సరాలు, కంపెనీ గురించి నాలుగు ముక్కలు ముందు పెట్టుకోవచ్చు. జవాబులు మొత్తం రాసి చదివితే మాత్రం గొంతులో తెలిసిపోతుంది. ముక్కలుగా రాసుకోవాలి. "మీ గురించి చెప్పండి" అనేది దాదాపు అందరూ అడుగుతారు. దానికి ఇంటిల్లిపాది పరిచయం అక్కర్లేదు. "ఎమ్మిగనూరులో బీకాం 2023లో పూర్తి చేశా. ఏడాదిగా బట్టల షాపులో బిల్లింగ్ చూస్తున్నా. పండగ రోజుల్లో కౌంటర్ ఒక్కదాన్నే చూసుకున్నా." ఇంత చాలు. మధ్యలో ఒక ఏడాది ఖాళీ ఉంటే, ఆ ఏడాది మెకానిక్ షెడ్డులో పనిచేసినా, అమ్మీకి బాగాలేక ఇంట్లో ఉన్నా, ఉన్నది ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోవాలి.

ఆ ఇరవై నిమిషాలు టీవీ, మిక్సీ బంద్. పిల్లల్ని పక్కింటికి పంపాలి. సిగ్నల్ ఏ గదిలో బాగుందో, మిద్దె మీద బాగుందో ముందురోజే ఎవరితోనైనా మాట్లాడి చూసుకోవాలి. స్పీకర్ పెట్టి ఇల్లంతా వినడం చాలా ఇళ్లలో మామూలే, కానీ అవతల గొంతు ప్రతిధ్వనిస్తుంది, పక్కనుంచి అందించే మాటలు కూడా వినపడతాయి.

జీతం మాట వస్తే సీటీసీ, చేతికొచ్చేది ఒకటి కాదని గుర్తుంచుకోవాలి. ఏడాదికి రెండు లక్షల నలభై వేలు అన్నారంటే నెలకు ఇరవై వేలు చేతికి రావు. బేసిక్‌లో 12 శాతం పీఎఫ్‌కు పోతుంది, నెల జీతం 21,000 లోపు ఉంటే 0.75 శాతం ఈఎస్ఐకి పోతుంది. కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్‌ను కూడా చాలాచోట్ల సీటీసీలోనే కలిపి చెప్తారు. "చేతికి ఎంత వస్తుంది సార్?" అని అడగడం మర్యాద తక్కువ కాదు. ఆడపిల్లలైతే షిఫ్టు ఏ వేళ, రాత్రి అయితే క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా అని అప్పుడే అడగాలి. ఇంట్లో పెద్దవాళ్లు చివర్లో అడ్డం చెప్పేది ఎక్కువగా దీని గురించే కాబట్టి, వాళ్లు ఒప్పుకునే షిఫ్టు ఏదో ఇంటర్వ్యూకు ముందే తేలిపోవాలి.

డబ్బు అడిగితే అది ఇంటర్వ్యూ కాదు. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్, ల్యాప్‌టాప్ డిపాజిట్, పేరు ఏదైనా సరే. ఓటీపీ చెప్పమన్నా, ఏదో యాప్ వేసుకోమన్నా కూడా అంతే. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. పరువు పోతుందని రెండు రోజులు దాచిపెడితే ఆ డబ్బు ఖాతాలు దాటిపోతుంది. గల్ఫ్ పనుల్లో మాత్రం లెక్క వేరు: భారత ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంట్ సేవా రుసుం తీసుకోవచ్చు, కానీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ మించకూడదు, రసీదు ఇవ్వాలి. ఏజెంట్ నమోదైనవాడా కాదా అనేది ఈమైగ్రేట్ సైట్‌లో చూడొచ్చు. ఎవరినైనా అడగాలంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-3090 ఉంది. ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడిగి "సెలెక్ట్ అయ్యావు, ముందు విజిట్ వీసా మీద వచ్చేయ్, అక్కడ మారుస్తాం" అన్నవాడితో మాట పొడిగించక్కర్లేదు.

కాల్ అయిపోయాక మాట్లాడినవాళ్ల పేరు, తేదీ, చెప్పిన జీతం, ఎప్పుడు చెప్తామన్నారో ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టాలి. చెప్పిన రోజు దాటి రెండు రోజులైతే ఒక మెసేజ్ పెట్టొచ్చు. రాకపోయినా ఆ పేజీ చింపేయొద్దు. రెండు నెలల తర్వాత అదే కంపెనీ ఇంకో పోస్టుకు ఫోన్ చేసి "ఇంతకుముందు మాతో ఎవరైనా మాట్లాడారా?" అని అడుగుతారు.