లెక్క తేలింది, జీతం తేలలేదు

1973 ఫిబ్రవరి నాటికి అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, వాషింగ్టన్ కౌంటీ జైల్లో మగ గార్డుల నెల జీతం 701 నుంచి 940 డాలర్లు. మహిళా ఖైదీలకు కాపలా ఉండే ఆడవాళ్ల జీతం 525 నుంచి 668 డాలర్లు. అంటే ఎంత సర్వీసు ఉన్న మహిళైనా, ఆ రోజే కొలువులో చేరిన మగ గార్డు జీతాన్ని అందుకోలేదు.

కౌంటీ అంటే మన జిల్లా స్థాయిలో ఉండే స్థానిక ప్రభుత్వం. మరుసటి ఏడాది మహిళా విభాగం మూతపడి ఉద్యోగాలు పోయాక నలుగురు ఆడవాళ్లు కోర్టుకెక్కారు. మగ గార్డుల మీద పది రెట్లకు మించి ఖైదీల భారం ఉందనీ, ఆడవాళ్ల పనిలో చాలా భాగం గుమాస్తా పనేననీ కింది కోర్టు తేల్చింది. రెండూ ఒకే పని కాదన్నమాట. అది నిజమే కావచ్చు. కానీ ఆ మహిళల వాదనలో అసలు బలం వేరే చోట ఉంది. కౌంటీయే ఉద్యోగాల విలువ కట్టించి, మగవాళ్ల జీతంలో 95 శాతం వీళ్లకు ఇవ్వాలని తేల్చుకుని, చివరికి 70 శాతమే ఇచ్చిందనీ, మగవాళ్లకు మాత్రం కట్టిన విలువంతా ముట్టజెప్పిందనీ వాళ్లు చెప్పారు.

1981 జూన్ 8న సుప్రీంకోర్టు 5–4 తేడాతో వాళ్ల పక్షాన నిలిచింది. తీర్పు రాసింది జస్టిస్ బ్రెనన్. పనులు సమానం కాకపోయినా, ఆడవాళ్లన్న కారణంతో కావాలనే జీతం కోశారన్న ఆరోపణను 1964 పౌరహక్కుల చట్టం కింద విచారించవచ్చన్నది దాని సారం. ఆ నలుగురిలో ఒకరి పేరు మీద గుంథర్ కేసుగా అది చరిత్రకెక్కింది.

నెల తిరక్కుండానే ఇలాంటి గొడవే కాలిఫోర్నియాలో బయటపడింది. ఇప్పుడు తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో కాపురాలున్న శాన్ హోసే నగరమే అది. అప్పటి మేయర్ జానెట్ గ్రే హేస్ కూడా మహిళే. నగరపాలక సంస్థ ఒక సలహా సంస్థతో ఉద్యోగాలకు మార్కులు వేయించింది. పనికి కావలసిన పరిజ్ఞానం, చిక్కులు విప్పే నేర్పు, మోయాల్సిన బాధ్యత, పనిచేసే పరిస్థితులు చూసి మార్కులిచ్చే పద్ధతి అది. ఆడవాళ్లు ఎక్కువగా చేసే ఉద్యోగాలకు, అవే మార్కులొచ్చిన మగవాళ్ల ఉద్యోగాలకన్నా జీతం తక్కువని తేలింది. నివేదిక వచ్చినా సొమ్ము సర్దుబాటు కాలేదు. జులైలో లైబ్రేరియన్లు, గుమాస్తాలు సహా ఉద్యోగులు తొమ్మిది రోజులు సమ్మె చేశారు. రెండేళ్లలో సుమారు 15 లక్షల డాలర్ల సవరణలకు నగరం ఒప్పుకుంది.

విలువ కట్టించడం ఏ పాలకవర్గానికైనా తేలికే. నిపుణుల్ని పిలిస్తే పట్టిక వస్తుంది. ఆ పట్టిక ప్రకారం బడ్జెట్‌లో సొమ్ము పెట్టడం దగ్గరే వాళ్ల నిజాయితీ తేలుతుంది. సొంత లెక్కను పక్కన పెట్టి జీతం కోయడం అన్యాయం, అందులో నాకు సందేహం లేదు.

కోర్టుల దారి ఆ తర్వాత ఇరుకైంది. వాషింగ్టన్ రాష్ట్ర ఉద్యోగులు 1983లో గెలిచిన ఇలాంటి కేసును 1985లో అప్పీలు కోర్టు కొట్టేసింది. మిన్నెసోటా మాత్రం చట్టాన్నే నమ్ముకుంది. నగరాలు, కౌంటీలు, పాఠశాల జిల్లాలు తమ ఉద్యోగాలన్నిటికీ విలువ కట్టాలనీ, ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న ఉద్యోగాల జీతాల్లో తేడాలు సరిదిద్దాలనీ 1984లో శాసనం చేసింది. ఆ చట్టం నేటికీ అమల్లో ఉంది.