గెలుపు తెలిసిన యుద్ధం, ఓడిపోగల వీరుడు: చిందు తెర నుండి ‘హనుమాన్: బాయ్ వారియర్’ వరకు

ఉపోద్ఘాతం

హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ సంస్థ రూపొందించిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే వీడియో గేమ్ 2009లో సోనీ ప్లేస్టేషన్-2 కోసం విడుదలైంది. పూర్తిగా భారతదేశంలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ ఆటగా దానికి గుర్తింపు లభించింది. ఆటగాడు బాల హనుమంతుని పాత్రను నడిపిస్తూ శత్రువులతో పోరాడే యాక్షన్-అడ్వెంచర్ ఆట అది. విమర్శకుల ఆదరణ దానికి పెద్దగా దక్కలేదు. అదే సంవత్సరం అమెరికాలోని యూనివర్సల్ సొసైటీ ఆఫ్ హిందూయిజం అధ్యక్షుడు రాజన్ జెడ్ ఆ ఆటను మార్కెట్టు నుండి ఉపసంహరించాలని కోరారు. ఆట చరిత్రలో మిగిలింది ఎక్కువగా ఆ వివాదం వల్లనే.

ఆ అభ్యంతరంలోని సారం ఇది: హనుమంతుడు ఆలయాలలోను, ఇళ్లలోని పూజామందిరాలలోను ఆరాధనలు అందుకొనే దైవం, అటువంటి దైవాన్ని జాయ్‌స్టిక్‌తోను, మీటలతోను ఆటగాడు తన ఇష్టానుసారం కదిలించే పాత్రగా మార్చడం తగదు. దీనిని తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. అయితే తెలుగు ప్రదర్శన కళల చరిత్ర తెలిసినవారికి ఇక్కడ వెంటనే ఒక సందేహం కలుగుతుంది. తోలుబొమ్మలాటలో హనుమంతుని కదిలించేది కూడా మనిషి చేయే కదా! నేటి శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట కళాకారుల చేతులలో హనుమంతుని బొమ్మ ఎగిరింది, సముద్రం దాటింది, లంకను కాల్చింది. ప్రేక్షకులు దానిని భక్తితోనే చూశారు. మరి పుల్ల పట్టిన చేతికీ, మీట నొక్కే వేలికీ మధ్య తేడా ఎక్కడ ఉంది? ఆ తేడా చేతిలో లేదు, ఓటమిలో ఉంది. ప్రతినాయకునితో జరిగే పోరాటాన్ని తెలుగు ప్రదర్శన సంప్రదాయం ఎలా నిర్మించింది, వీడియో గేమ్ ఎలా నిర్మించింది అన్నది పక్కపక్కన పెట్టి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

తెర పట్టి వచ్చే ప్రతినాయకుడు

పాత వరంగల్ జిల్లా ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మొదలైన జిల్లాలుగా విడిపోయింది. మానేరు తీరాన ఉన్న టేకుమట్ల మండలం భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. పాలనాపరమైన ఈ గీతలు ఎలా మారినా ఈ ప్రాంతమంతా చిందు యక్షగానం ఆడిన నేల. జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ పురస్కారం లభించడంతో ఈ కళవైపు పరిశోధకుల దృష్టి మరోసారి మళ్లింది.

చిందు యక్షగానంలో ప్రతినాయకుడు ఉన్నట్టుండి రంగం మీద ప్రత్యక్షం కాడు. ఇద్దరు తెర పడతారు. మద్దెల, తాళాలు మొదలవుతాయి. తెర వెనుక నుండి గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. ప్రవేశ దరువు సాగుతుండగా కిరీటం, భుజకీర్తులు కొద్దికొద్దిగా తెర మీదుగా కనిపిస్తాయి. ఆ తరువాత పాత్ర తన పేరు, వంశం, పరాక్రమం తానే చెప్పుకుంటుంది. హిరణ్యకశిపుడైనా, రావణుడైనా, కీచకుడైనా ఈ గౌరవం పొందవలసిందే. వీరుని గొప్పతనం ప్రతినాయకుని గొప్పతనాన్ని బట్టే కొలవబడుతుందన్న నాటకసూత్రం ఇందులో ఇమిడి ఉంది.

వీడియో గేమ్ పరిభాషలో ఇటువంటి ప్రధాన ప్రత్యర్థిని ‘బాస్’ అంటారు. దారిలో ఎదురయ్యే సాధారణ శత్రువులను దాటిన తరువాత, ఒక ఘట్టం చివర కాపు కాచి ఉండే బలవంతుడు అతడు. 1975లో అమెరికాలోని ప్లేటో కంప్యూటర్ వ్యవస్థ మీద తయారైన ‘డీఎన్‌డీ’ అనే ఆటలోని బంగారు డ్రాగన్‌ను ఈ కోవలో మొదటిదిగా చరిత్రకారులు పేర్కొంటారు. నేటి ఆటలలో బాస్ ప్రవేశించేటప్పుడు ద్వారం మూసుకుపోతుంది, సంగీతం మారుతుంది, తెర అడుగున అతని పేరు, దానితో పాటు అతని ప్రాణశక్తిని చూపే పొడవాటి గీత కనిపిస్తాయి. చిందు తెరకూ దీనికీ పోలిక చెప్పడానికి పెద్ద ఊహ అవసరం లేదు. ప్రేక్షకునికైనా, ఆటగాడికైనా కలిగే మొదటి అనుభూతి ఒక్కటే: ఇంతవరకు జరిగింది ఒక ఎత్తు, ఇకముందు జరగబోయేది మరొక ఎత్తు.

షరతులతో కూడిన వధ

పోలిక అంతటితో ఆగదు. యాక్షన్-అడ్వెంచర్ ఆటలలో మంచి బాస్‌ను బలంతో మాత్రమే జయించలేము. అతని కదలికలలోని క్రమాన్ని, దాగి ఉన్న బలహీనతను కనిపెట్టాలి. 1986లో నింటెండో సంస్థ విడుదల చేసిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’లో చివరి శత్రువు గానన్‌ను ఖడ్గంతో ఎన్నిసార్లు కొట్టినా చాలదు, వెండి బాణంతోనే అతనికి మరణం. పురాణాలు వింటూ పెరిగిన తెలుగు పాఠకునికి ఇది కొత్త విషయం కాదు. హిరణ్యకశిపునికి పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, మనిషి చేత గాని మృగం చేత గాని చావులేదు. ఆ షరతులన్నిటి మధ్య మిగిలిన ఇరుకు సందులోనే నరసింహుడు వచ్చాడు. రక్తబీజుని నెత్తుటి చుక్క నేల రాలితే మరొక రక్తబీజుడు పుడతాడు కనుక కాళి ఆ నెత్తురు నేల తాకకుండా తాగింది. మహిషాసురుడు దున్నగా, సింహంగా, ఖడ్గధారియైన పురుషునిగా, ఏనుగుగా మారుతూ పోరాడాడు. ఆటల రూపకర్తలు బాస్ పోరాటంలో ‘దశలు’ అని చెప్పేది దీనినే. కొన్ని రామాయణ కథనాలలో రావణుని నాభిలో అమృతం ఉన్నదని విభీషణుడు చెప్పేవరకు రాముని బాణాలు ఫలించవు.

సుందరకాండలో హనుమంతుడు సముద్రం దాటే ఘట్టం ఈ దృష్టితో ప్రత్యేకంగా పరిశీలించదగినది. సురస ఎదురైనప్పుడు అతడు పోరాడడు. శరీరాన్ని పెంచి, అంతలోనే బొటనవేలంతగా కుదించి, ఆమె నోటిలో దూరి బయటపడతాడు. నీడను పట్టి లాగే సింహిక విషయంలో లోపలికి దూరి మర్మస్థానాలను చీలుస్తాడు. లంకిణిని స్త్రీ అన్న తలంపుతో ఎడమచేతి పిడికిలితో ఒక్క పోటు మాత్రమే పొడుస్తాడు. ముగ్గురు ప్రత్యర్థులు, మూడు విధానాలు. ఒకరి దగ్గర యుక్తి, ఒకరి దగ్గర సంహారం, ఒకరి దగ్గర సంయమనం. ఎవరితో ఎలా తలపడాలన్న వివేకమే అక్కడ పరాక్రమం. ఒక ఆటకు ఇంతకంటే సిద్ధంగా ఉన్న కథావస్తువు దొరకడం కష్టం. ఆ రకంగా చూస్తే హైదరాబాదు రూపకర్తలు వస్తువును ఎంచుకోవడంలో పొరపాటు చేయలేదనే చెప్పాలి.

ఓటమి అర్థం

అయితే సుందరకాండలోని ఆ మూడు ఘట్టాలలో హనుమంతుడు ఓడిపోయే అవకాశం లేదు. శ్రోతకు ఆ సంగతి ముందే తెలుసు. తోలుబొమ్మలాటలో యుద్ధం వచ్చినప్పుడు కళాకారుడు కాళ్లకింద చెక్కపలకలను తొక్కి దద్దరిల్లజేస్తాడు, రెండు బొమ్మలు ఒకదానినొకటి ఢీకొంటాయి. తరచు ఆ రెండు బొమ్మలూ ఒకే మనిషి చేతులలో ఉంటాయి. కుడిచేయి ఎడమచేతిని ఓడించడం ఎప్పుడో నిశ్చయమైపోయింది. చూసేవారి ఆనందం ‘ఎవరు గెలుస్తారు’ అన్న దానిలో లేదు, ‘ఎలా గెలుస్తారు’ అన్న దానిలో ఉంది. అక్కడ దైవాన్ని కదిలించే చేయి కథకు లోబడిన చేయి.

తమిళనాడులోని మేలట్టూరులో తెలుగు భాగవతమేళ నాటకాలు నేటికీ నరసింహ జయంతి సందర్భంగా ప్రదర్శిస్తారు. వాటిలో ‘ప్రహ్లాద చరిత్రము’ చివరి ఘట్టం ఈ చర్చకు మరొక కోణాన్ని అందిస్తుంది. నరసింహ పాత్రధారి ఉపవాసం ఉంటాడు. అతడు ధరించే ముఖం ఆలయంలో పూజలు అందుకొనేది. హిరణ్యకశిపుడు ఎదుటపడ్డాక పాత్రధారికి ఆవేశం వస్తుందని, అతనిని చుట్టూ ఉన్నవారు గట్టిగా పట్టి నిలువరించవలసి ఉంటుందని ప్రసిద్ధి. అక్కడి భయం నరసింహుడు ఓడిపోతాడని కాదు, నిజంగానే గెలుస్తాడేమోనని!

వీడియో గేమ్ ఈ నిశ్చయాన్ని తలకిందులు చేసింది. ఆట ఆడదగినది కావాలంటే వీరుడు ఓడిపోగలిగి ఉండాలి. 2011లో వచ్చిన ‘డార్క్ సోల్స్’, 2019లో వచ్చిన ‘సెకిరో’ వంటి జపాను ఆటలలో ఒకే బాస్ చేతిలో పదులసార్లు చనిపోవడం సర్వసాధారణం. మొదటిసారి ఆటగాడికి కనిపించేది గందరగోళమే. కొన్ని ప్రయత్నాల తరువాత శత్రువు భుజం ఎటు వంగితే దెబ్బ ఎటునుండి వస్తుందో తెలుస్తుంది. ఇంకొన్నిటి తరువాత ఆ దెబ్బల మధ్య ఒక లయ వినిపిస్తుంది. ‘సెకిరో’లో కత్తికి కత్తి సరిగ్గా తగిలినప్పుడు వచ్చే శబ్దం తాళం వేసినట్లే ఉంటుంది, ఆటగాడు తప్పించుకోవడం మాని, ఆ తాళానికి తగినట్లు నిలబడడం నేర్చుకుంటాడు. చివరికి గెలిచినప్పుడు కలిగే తృప్తి అంతా వెనుక ఉన్న ఓటముల మీద నిలబడి ఉంటుంది. ఆ ఓటములు తీసివేస్తే గెలుపుకు రుచి లేదు.

ఓటమికే కాదు, గెలుపుకు కూడా ఆట అనూహ్యమైన అర్థం ఇవ్వగలదు. 2005లో ప్లేస్టేషన్-2 మీదనే వచ్చిన ‘షాడో ఆఫ్ ది కొలొసస్’లో దారిలో చిన్న శత్రువులు లేరు, పదహారు మహాకాయులు మాత్రమే ఉన్నారు. ఒక్కొక్కటి నేలకూలినప్పుడు విజయవాద్యాలకు బదులు విషాద సంగీతం వినిపిస్తుంది. తాను చేసినది వీరకృత్యమా, హత్యా అన్న సందేహం ఆటగాడిని వెన్నాడుతుంది. అదే యంత్రం మీద, అదే సంవత్సరంలో వచ్చిన ‘గాడ్ ఆఫ్ వార్’ గ్రీకు పురాణాన్ని తీసుకొని, దేవతల మీద పగబట్టిన క్రేటోస్ అనే మర్త్యుని కథానాయకునిగా నిలిపింది. అతడు ఎన్నిసార్లు పడిపోయినా ఎవరి ఆరాధనకూ భంగం లేదు.

‘హనుమాన్: బాయ్ వారియర్’ చిక్కుకున్నది సరిగ్గా ఇక్కడే. యాక్షన్ ఆటలో ఆటగాడి పొరపాటుకు శిక్ష కథానాయకునికి పడుతుంది. ఆ కథానాయకుడు హనుమంతుడైతే, ఒక కుర్రవాడి బొటనవేలు సమయానికి కదలకపోతే చిరంజీవి నేలకూలాలి. కథలో ఆ ఓటమికి చోటు లేదు. దానికి కారణం శాపమూ కాదు, లీలా కాదు, పరీక్షా కాదు. మీట ఆలస్యంగా నొక్కడం. అభ్యంతరం చెప్పినవారు జాయ్‌స్టిక్‌ను తప్పుపట్టారు గాని, నిజంగా తప్పుపట్టవలసింది అర్థంలేని ఈ ఓటమిని.

బాల్యం అనే దారి

రూపకర్తలు బాల హనుమంతుని ఎంచుకోవడానికి వారి ఉద్దేశం ఏమైనా, పరిష్కారం మాత్రం ఆ ఎంపికలోనే కొంత దాగి ఉంది. రామాయణంలో హనుమంతుడు నిజంగా దెబ్బతిన్నది బాల్యంలోనే. సూర్యుని పండుగా భ్రమించి ఎగిరిన బాలుని ఇంద్రుని వజ్రాయుధం తాకి, దవడ విరిగి, అతడు పర్వతం మీద పడ్డాడు. పెద్దయ్యాక లంకలో బ్రహ్మాస్త్రానికి కట్టుబడినప్పటికీ అది బ్రహ్మ పట్ల గౌరవంతో తాను అంగీకరించిన బంధనం. ఉత్తరకాండ ప్రకారం, అల్లరి భరించలేని ఋషులు బాల హనుమంతుని శపించారు: ఎవరైనా గుర్తుచేసేవరకు తన బలం తనకు తెలియదు. కిష్కింధకాండ చివర జాంబవంతుడు ఆ పని చేస్తాడు.

దీనిని ఆటభాషలోకి మార్చి చూడవచ్చు. సాధారణంగా ఈ ఆటలలో వీరుడు ఒక్కొక్క బాస్‌ను జయించి కొత్త శక్తిని సంపాదిస్తాడు. శాపగ్రస్తుడైన బాల హనుమంతుని కథలో శక్తి సంపాదన అనేదే లేదు; ఉన్నది గుర్తుకు రావడమే. ఓటమి అంటే బలం చాలకపోవడం కాదు, ఇంకా గుర్తురాకపోవడం. అప్పుడు ఆటగాడి తప్పిదం కథకు వెలుపలి ప్రమాదంగా మిగలక, కథలోని మరపుగానే లెక్కకు వస్తుంది. దైవం ఓడిపోలేదు, బాలుడు ఇంకా మేల్కొనలేదు. యాక్షన్-అడ్వెంచర్ రూపానికీ, భక్తి సంప్రదాయానికీ ఇంత సహజంగా కుదిరే సంధి మరొకటి కనిపించదు. ఈ ఆట గురించి జరిగిన చర్చ దైవదూషణ చుట్టూ తిరిగిందే తప్ప, ఇంతదూరం రాలేదు.

తరువాతి ఆటలు

ఈ చిక్కును తరువాతి వారు మరొక విధంగా దాటారు. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో విడుదల చేసిన ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’లో దుర్గ, విష్ణువు ఉన్నారు, కాని ఆటగాడు నడిపేది వారిని కాదు. తన తమ్ముడు గోలును రాక్షసుల నుండి విడిపించడానికి బయలుదేరిన రాజీ అనే అమ్మాయి అతని చేతిలో ఉంటుంది. దేవతలు ఆమె ప్రయాణాన్ని చూస్తూ కథ చెబుతారు, ఆయుధాలిచ్చి ఆశీర్వదిస్తారు. పడినా లేచినా మనిషే. అంతిమ శత్రువైన మహాబలాసురుని ముందు ఆమె అల్పత్వమే పోరాటానికి విలువ తెస్తుంది.

2024 ఆగస్టులో చైనాకు చెందిన గేమ్ సైన్స్ సంస్థ విడుదల చేసిన ‘బ్లాక్ మిత్: వూకాంగ్’ ఇంకా సూక్ష్మమైన మార్గం ఎంచుకుంది. మన హనుమంతునితో పండితులు తరచు పోల్చిచూసే వానరవీరుడు సన్ వూకాంగ్ ఆ ఆటకు మూలం. ఆట ఆరంభంలో ఆటగాడు సాక్షాత్తు వూకాంగ్‌నే నడిపి, దేవసేనాని ఎర్లాంగ్‌తో తలపడతాడు. ఆ ఘట్టం ముగిసేసరికి వూకాంగ్ నేలకూలుతాడు. అది ఆటగాడి పొరపాటు వల్ల కాదు, తలకు బిగిసే బంగారు పట్టీ మళ్లీ ప్రత్యక్షమైనందువల్ల. అంటే కథ నిర్ణయించిన ఓటమి. అక్కడి నుండి ఆటగాడి చేతికి వచ్చేది వూకాంగ్ కాడు, అతని అవశేషాలను వెదకుతూ బయలుదేరే పేరులేని ఒక వానరుడు. ఎన్ని వందలసార్లు ఓడిపోయినా ఓడేది ఆ అన్వేషకుడే. మూలపురుషుని మహిమ చెక్కుచెదరకుండా దూరాన నిలిచి ఉంటుంది, అతని ఒక్కొక్క శక్తి ఈ సామాన్య వానరునికి కొద్దికొద్దిగా సంక్రమిస్తుంది.