డీజెలు యంత్రము: విద్వాంసుని లెక్కనుండి గృహస్థుని చేతికి



1974వ సంవత్సరపు వేసవిలో, నేను పాఠశాలలో చదువుకొనుచుండగా, మా పెదతండ్రిగారి బావిమీది ఆయిలింజను ఒకనాటి యుదయమున ఆగిపోయెను. ఎంత త్రిప్పినను అంటుకొనలేదు. పట్టణమునుండి మేస్త్రి వచ్చుటకు మూడు దినములు పట్టెను. ఆయన వచ్చి, పానాతో ఒక చిన్న మరను వదులుచేసి, డీజెలు గొట్టములో చిక్కుకొన్న గాలిని వెడలనిచ్చి, మరల బిగించెను. ఇంజను వెంటనే నడచెను. పనికి పట్టిన కాలము పావుగంట. ఈలోపల తమలపాకుతోట సగము వాడిపోయెను. "ఈపాటి పని మనకు తెలియకపోయెనే" యని మా పెదతండ్రిగారు పలికిన మాట నేటికిని నా చెవులలో నున్నది.

ఆ జాతి యంత్రమే నేడు అమెరికా మొదలగు దేశములలో మోటారుహోము అనబడు చక్రములమీది యింటిలో విద్యుత్తును పుట్టించుచున్నది. వంటకును, దీపములకును, చల్లదనమునకును అదియే ఆధారము. అడవిలోనో, కొండదారిలోనో బండి నిలిపినవాడు మా పెదతండ్రిగారివలెనే మేస్త్రికి దూరముగా నుండును. కాబట్టి ఆ యంత్రము ఎట్లు పుట్టినది, గృహస్థుని చేతికి ఎట్లు వచ్చినది, అతడు దానిని ఎట్లు కాపాడుకొనవలయును అను విషయములను మనవి చేసెదను.

రుడాల్ఫు డీజెలు 1858లో పారిసు నగరమున జర్మను దంపతులకు జన్మించెను. మ్యూనికు నగరమున లిండే పండితునియొద్ద చదువుచు, ఆవిరియంత్రము తాను తిన్న బొగ్గు వేడిలో అత్యల్పభాగమునే పనిగా మార్చుచున్నదని తెలిసికొని, ఆ నష్టమును తగ్గింపవలెనని సంకల్పించెను. సైకిలు చక్రమునకు గాలి కొట్టునపుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మీరందఱు ఎఱిగినదే. గాలిని మిక్కిలిగా అదిమినచో దాని వేడి 500 డిగ్రీలు దాటును. అందులో నూనెను తుంపరగా చిమ్మినచో నిప్పురవ్వ లేకయే అంటుకొనును. ఆయన యంత్రమునకు మూలసూత్రము ఇదియే.

సూత్రము సులభము, సాధన కష్టము. 1893లో ఆగ్సుబర్గు కర్మాగారమున జరిగిన మొదటి పరీక్షలో ఒత్తిడిని కొలుచు పరికరము ప్రేలిపోయెను. 1894లో యంత్రము తనంత తాను ఒక నిముషము మాత్రమే నడచెను. 1897లో ష్రోటరు అను ఆచార్యుడు పరీక్షింపగా, ఇంధనపు వేడిలో నూటికి 26 పాళ్లు పనిగా మారుచున్నట్లు తేలెను. ఆనాటి యంత్రములలో అట్టిది మఱియొకటి లేదు. 1900లో పారిసు ప్రదర్శనమున ఇట్టి యంత్రమొకటి మనకు చిరపరిచితమైన వేరుసెనగనూనెతో నడచెను.

అయినను అది గృహస్థునకు అందలేదు. నూనెను లోనికి చిమ్ముటకు ప్రత్యేకముగా గాలిని అదుము మరయొకటి కావలసివచ్చుటచే, యంత్రము బరువై, కర్మాగారములకును ఓడలకును మాత్రమే తగియుండెను. 1913లో డీజెలు ఓడలో ఇంగ్లండునకు పోవుచు రాత్రివేళ అదృశ్యుడయ్యెను. పిమ్మట కొన్నాళ్లకు ఆయన దేహము సముద్రమున కనబడెను. 1927లో జర్మనీయందు రాబర్టు బాషు సంస్థ నూనెను నేరుగా చిమ్మెడి చిన్న పంపులను విరివిగా చేయ మొదలిడెను. దానితో యంత్రము తేలికయయ్యెను.

అమెరికాలో ఈ మార్పునకు తోడ్పడినవాడు క్లెస్సీ కమ్మిన్సు. ఆయన ఒక ధనికుని కారు నడపినవాడు, పాఠశాలచదువు స్వల్పము, యంత్రవిద్య చేతితో నేర్చినది. 1919లో ఇంజనుల సంస్థను స్థాపించి, 1929లో ఒక కారులో డీజెలు ఇంజనును అమర్చి, 1930 జనవరిలో ఇండియానాపొలిసునుండి న్యూయార్కునకు సుమారు 800 మైళ్లు నడిపెను. నూనెకైన ఖర్చు ఒక డాలరు 38 సెంట్లు! జనరేటరులకు పేరుపడిన ఓనాను సంస్థయు తరువాతికాలమున ఆయన సంస్థలోనే కలిసెను. విద్వాంసుడు లెక్క కట్టగా, చేతిపనివాడు దానిని బాటపైకి తెచ్చెనన్నమాట.

ఇక సంరక్షణ విషయము. చిన్నదైన ఆ పంపులోని కడ్డీకిని దాని గొట్టమునకును నడుమనుండు ఎడము మిల్లీమీటరులో వేయవవంతుల లెక్కలో నుండును. కంటికి కనబడని ధూళికణముగాని, నీటిబొట్టుగాని దానిని చెఱచును. కాబట్టి డీజెలును శుభ్రమైన పాత్రతో పోయవలెను. ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలుచుండవలెను. గడువు తప్పక ఫిల్టరును మార్చవలెను. మార్చిన పిమ్మట గాలి చేరును. ఫిల్టరు తలమీది మరను వదులుచేసి, చేతిపంపును కొట్టుచు, బుడగలు లేని డీజెలు వచ్చువఱకు వేచి, మర బిగించుటయే మా యూరి మేస్త్రి చేసిన పని. అయితే నాజిలునుండి వచ్చు తుంపరకు చేయి అడ్డము పెట్టరాదు. ఆ ఒత్తిడికి నూనె చర్మమును చీల్చి రక్తములో చేరును. పంపును విప్పుట గృహస్థుని పని కాదు; అది నిపుణునికే వదలవలెను.

రెండవది కందెననూనె. ఇంజను ఆగి చల్లబడిన పిదప గేజీకడ్డీతో దాని మట్టము చూడవలెను. జనరేటరునకు గంటలు లెక్కించు గడియారముండును. యంత్రముతో వచ్చిన పుస్తకములో చెప్పిన గంటలకు నూనెను మార్చవలెను. వాడిననూనెను నేలమీదగాని, బావిదరిగాని పారబోయరాదు. మూడవది గాలి: దుమ్ముదారిలో తిరిగిన బండికి గాలి ఫిల్టరు త్వరగా మూసుకొనును. నాల్గవది చల్లబఱచు నీరు: ఇంజను వేడిగా నుండగా రేడియేటరు మూత తీయరాదు.

ఇంకొక విశేషము. జనరేటరు ఒకే వేగముతో తిరుగవలెను. నాలుగు ధ్రువముల యంత్రమైనచో మన దేశమున నిముషమునకు 1500 చుట్లు, అమెరికాలో 1800. స్వల్పమైన బరువుతోనే యెల్లపుడు నడిపినచో లోపల చాలినంత వేడి పుట్టక, కాలనినూనె పొగగొట్టమున మడ్డిగా పేరుకొనును. నెలకొకమారైనను సగము బరువునకు తగ్గకుండ పెట్టి, బాగుగా వేడెక్కువఱకు నడుపవలెను. వాడకుండ దాచిన యంత్రము వాడినదానికంటె ముందు చెడును.

తుదకు ప్రాణవిషయము. పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. పొగగొట్టమున చిల్లియున్నచో నిద్రించువారు నిద్రలోనే పోవుదురు. గొట్టమును తఱచు పరీక్షింపవలెను. ఆ వాయువును కనిపెట్టి మ్రోగు గంటను బండిలో నుంచవలెను. చేయి పెట్టుటకు ముందు బ్యాటరీ తీగను విప్పుట మఱువరాదు.

మా పెదతండ్రిగారు ఆ వేసవిలోనే పానా యొకటి కొని, గాలి తీయు విధమును మేస్త్రియొద్ద నేర్చుకొనిరి. ఆయన జీవించియున్నంతకాలము ఆ బావిమీది ఇంజను మఱియొకమారు మూడు దినములు ఆగియుండలేదు.