దేశాలు దాటే చదువు: ధాన్యకటకం నుండి పినపాక దాకా

ఒక విద్యార్థి మొదటి ఏడాది ఒక దేశంలోను, రెండవ ఏడాది మరొక దేశంలోను చదివి, చివరకు రెండు మూడు విశ్వవిద్యాలయాల పేర్లతో ఒకే ఎం.ఎ. గాని ఎం.ఎస్సీ. గాని పట్టాగా అందుకోవడం ఈ కాలపు వింతగా చాలామంది భావిస్తారు. పట్టా పద్ధతి కొత్తదే కావచ్చును. చదువు కోసం దేశం తరువాత దేశం దాటడం మాత్రం చాలా పాతది. పైగా ఆ దారిలో మన తెలుగు నేల ఒకప్పుడు ఒక మజిలీ.

క్రీ.శ. 671లో ఇత్సింగ్ అనే చైనా భిక్షువు కాంటన్ రేవులో ఓడ ఎక్కాడు. ఆయన గమ్యం నలందా. అయితే నేరుగా అక్కడికి రాలేదు. దారిలో సుమత్రా దీవిలోని శ్రీవిజయంలో ఆరు నెలలు ఆగి సంస్కృత వ్యాకరణం నేర్చుకున్నాడు. ఆ తరువాత తామ్రలిప్తి చేరి, అక్కడినుండి నలందాకు వెళ్ళి దాదాపు పదేళ్ళు చదివాడు. తన తరువాత వచ్చే చైనా విద్యార్థులకు ఆయన ఇచ్చిన సలహా గమనింపదగినది. భారతదేశానికి వెళ్ళే ముందు శ్రీవిజయంలో ఒకటి రెండేళ్ళు ఉండి, పద్ధతులు అలవరచుకొని, ఆపైన ముందుకు సాగమన్నాడు. ఒక దేశంలో పునాది, మరొక దేశంలో ప్రధాన విద్య! దీనిని పాఠ్యప్రణాళిక అనక ఏమందుము?

ఆయనకంటె ముందు వచ్చిన హ్యుయాన్‌త్సాంగ్ కథ మనకు మరీ దగ్గరిది. నలందాలో శీలభద్రుని వద్ద ఏళ్ళ తరబడి చదివిన ఆ పండితుడు దక్షిణానికి వచ్చి, ఆంధ్రదేశం దాటి ధాన్యకటకం చేరాడు. అది నేటి అమరావతి ప్రాంతం. అప్పటికే అక్కడి విహారాలు చాలావరకు పాడుపడి ఉన్నాయని ఆయన రాశాడు. అయినా అక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువులు ఆయనకు తటస్థపడ్డారు. వారు మహాసాంఘిక శాఖ గ్రంథాలలో దిట్టలు. హ్యుయాన్‌త్సాంగ్ కొన్ని నెలలపాటు వారివద్ద ఆ శాఖ అభిధర్మాన్ని చదివాడు. వారు ఆయనవద్ద మహాయాన శాస్త్రాలు చదివారు. ఈ సంగతి ఆయన శిష్యుడు హుయిలీ రాసిన జీవితచరిత్రలో ఉన్నది. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు? ఇరువురూ ఇరువురే. చదువు ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇదే.

అంతకు మూడు నాలుగు వందల ఏళ్ళ ముందే నాగార్జునకొండలో పరదేశి భిక్షువులకు చోటుండేది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పదునాలుగవ పాలనా సంవత్సరంలో బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన ప్రాకృత శాసనం సింహళపు థేరులను పేర్కొంటున్నది. వారు ధర్మప్రచారం చేసిన దేశాల జాబితాలో కాశ్మీరం, గాంధారం, చైనా, వంగం, యవనం, తమిళదేశం ఉన్నాయి. అక్కడ ఒక సింహళ విహారమే ఉండేది. ఈనాటి భాషలో చెప్పాలంటే విదేశీ విద్యార్థుల వసతిగృహం అనుకోవచ్చును.

ఇక పడమటి వైపు చూద్దాము. డచ్చి పండితుడు ఎరాస్మస్ పారిస్‌లో చదివి, ఇంగ్లండు వెళ్ళి, 1506లో ఇటలీలోని టురిన్‌లో డాక్టరు పట్టా అందుకున్నాడు. 1987లో యూరప్ దేశాలు విద్యార్థుల మార్పిడికి పెట్టుకున్న పథకానికి ఆయన పేరే వచ్చింది. 2004లో దానికి తోడుగా ఎరాస్మస్ ముండుస్ మొదలైంది. ముండుస్ అంటే లాటిన్‌లో ప్రపంచం. దీనివలన యూరప్ బయటివారికి కూడా తలుపులు తెరుచుకున్నాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు జట్టుకట్టి ఒకే కోర్సు నడుపుతాయి. విద్యార్థి కనీసం రెండు దేశాలలో చదవాలి. ఒకచోట సంపాదించిన క్రెడిట్లు మరొకచోట చెల్లుతాయి. పూర్తి ఏడాదికి అరవై, రెండేళ్ళకు నూట ఇరవై. 2021లో మొదలైన విడతలో ఎంపికైనవారికి ఫీజు లేకపోవడమే కాక నెలకు 1,400 యూరోల ఉపకారవేతనం కూడా ఏర్పాటైంది. దీనిని ఎక్కువగా అందుకున్న దేశాలలో మనది ఒకటి.

ఇదంతా విని, పినపాకకు దీనితో పని ఏమి అని ఎవరైనా అడగవచ్చును. గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న ఈ మండలం 2016 దాకా ఖమ్మం జిల్లాలోను, ఆపైన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోను ఉన్నది. ఇక్కడి కోయలకు తమదైన భాష ఉన్నది. అది తెలుగుకు చుట్టమే గాని తెలుగు కాదు. 2011 జనగణన ప్రకారం దేశంలో దానిని మాతృభాషగా చెప్పుకున్నవారు నాలుగు లక్షల పైచిలుకు. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కేన్ 1870లలోనే ఈ ప్రాంతపు జనాన్ని గురించి వ్యాసాలు రాశాడు. గొమ్ము కోయల మాటకు వ్యాకరణం రాసినవాడు స్టీఫెన్ టైలర్ అనే అమెరికన్. అది 1969లో కాలిఫోర్నియాలో అచ్చయింది. అంటే మన పక్క గూడెం మాటను తెలుసుకోవడానికి సముద్రాలు దాటి మనుషులు వచ్చారు. ఆ గూడెం బిడ్డ సముద్రం దాటి వెళ్ళి, తన మాటను తానే శాస్త్రంగా చదివి రావడం న్యాయం కాదా?

అది కానిపని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు అమెరికాలోని పెన్సిల్వేనియాలో 1957లో డాక్టరేటు పొందింది తెలుగు ధాతువుల మీదనే. అక్కడ నేర్చిన శాస్త్రాన్ని ఇక్కడి రైతుల, నేతగాళ్ళ మాటలకు అన్వయించి మాండలిక వృత్తిపదకోశాలకు దారి వేశారు. ఎరాస్మస్ ముండుస్ కింద నడిచిన కోర్సులలో భాషా సాంకేతికత కోసమే ఒకటి ఉండేది. జర్మనీ, ఇటలీ, నెదర్లాండ్స్, చెక్ దేశపు విశ్వవిద్యాలయాలు అందులో కలిసి పనిచేశాయి. అటువంటి చదువు ముగించుకొని వచ్చిన కోయ యువతి ఒకతె తన భాషకు నిఘంటువు కూర్చితే, దానిని కంప్యూటరుకు నేర్పితే ఎంత మేలు!

అడ్డంకి డబ్బు ఒక్కటే కాదు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ విదేశీ విద్యకు ఏటా ఇరవైమందికి ఉపకారవేతనం ఇస్తుంది. దేశమంతటికీ కలిపి ఇరవై! కనుక ఇతర దారులు తెలిసి ఉండటం అవసరం. ఎరాస్మస్ ముండుస్‌కు దరఖాస్తు ఏ ప్రభుత్వ కార్యాలయానికో కాదు, నేరుగా ఆ కోర్సు నడిపే జట్టుకే పంపాలి. చాలా కోర్సులకు గడువు చలికాలంలోనే ముగుస్తుంది. మార్కుల పట్టీలు, గురువుల సిఫారసు లేఖలు, ఎందుకు చదవదలచుకున్నారో తెలిపే లేఖ, ఇంగ్లీషు పరీక్ష ఫలితం ఉండాలి. ఈ నాలుగు ముక్కలూ పట్నం పిల్లలకు సీనియర్లు చెబుతారు. మణుగూరు బస్సెక్కి డిగ్రీ కాలేజీకి వెళ్ళే పిల్లకు ఎవరు చెబుతారు?

హ్యుయాన్‌త్సాంగ్ 645లో స్వదేశం చేరి, తాను మోసుకుపోయిన 657 గ్రంథాలను దాచుకొని కూర్చోలేదు. కన్నుమూసే దాకా పందొమ్మిదేళ్ళు వాటిని చైనా భాషలోకి తెస్తూనే ఉన్నాడు. ఇత్సింగ్ తరువాతివారి కోసం దారి రాసిపెట్టాడు. ఆ చదువు దేశానికి దక్కింది అందువలననే. అందుచేత, బ్లాగు మిత్రులారా, మీలో పలు దేశాలలో చదివినవారు, చదువుతున్నవారు ఉంటే ఒక విన్నపం. ఫోటోలు పెట్టండి, మంచు వర్ణించండి, కాదనను. దానితోపాటు ఎలా దరఖాస్తు పెట్టారు, ఏ నెలలో ఏ కాగితం కావలసి వచ్చింది, మొదటి నెల అద్దె ఎలా కట్టారు, ఈ సంగతులు తెలుగులో రాయండి. మీకు అవి చిన్న విషయాలుగా తోచవచ్చును. అడవి అంచున చదువుకునే పిల్లకు అదే శ్రీవిజయం.