వేపగింజలు ఏరిన చేతులు

బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో ఎండిన వేపాకు వేసుకోవడం మనకు కొత్త కాదు. మరి పత్తిచేనుకు వేప చాలునంటే? మనం నవ్వుతాం. రైతులూ మొదట నవ్వారు.

పినపాక ప్రాంతమంతా గోదావరి ఒడ్డు, అడవి అంచు. ఒకప్పటి ఖమ్మం జిల్లా. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అదే జిల్లాలో పాల్వంచ మండలంలో పునుకుల అనే పల్లె ఉంది. 1980లలో కోస్తా నుంచి వచ్చిన రైతులతో పాటు ఆ ఊరికి పత్తి వచ్చింది, పత్తి వెంట మందు డబ్బాలు వచ్చాయి. మొదట్లో పురుగు రాలింది. తర్వాత లొంగలేదు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు ఏ మందుకూ చావక పత్తిని తినేసింది కదా, అదే కథ ఇక్కడా. ఒక మందు పనిచేయకపోతే రెండు కలిపి కొట్టడం!

మందు అమ్మేవాడే అప్పిచ్చేవాడు. పంట చేతికొచ్చాక అతనికే పోయాలి. ఇక మానమంటే రైతు ఎలా మానతాడు? మందు కొట్టి కళ్లు తిరిగి పడిపోయిన మగవాణ్ణి ఆసుపత్రికి మోసుకుపోయేది, పుస్తెలు తాకట్టు పెట్టేది ఎవరో మీకు వేరే చెప్పాలా?

1999లో 'సెక్యూర్' అనే స్వచ్ఛంద సంస్థ ఆ ఊళ్లో పని మొదలుపెట్టింది. వేపగింజల పొడి ఐదు కిలోలు రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున వడగట్టి, కాస్త సబ్బు నీళ్లు చేర్చి, మొత్తం వంద లీటర్లు చేసి చల్లడం. పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరిన రసం, ఆవుపేడ, మూత్రం కలిపిన ద్రావణం కూడా వాడారు. చేను గట్లమీద ఆముదం, బంతి వేశారు. అన్నీ మన వంటింటి పనుల్లాంటివే, కాదూ?

చిక్కు ఒకటుంది. కషాయం కొట్టిన మర్నాడు పురుగు చచ్చి కనబడదు. అది మేత మానేస్తుంది, ఎదగదు, మెల్లగా పోతుంది. డబ్బా మందు చూసిన కళ్లకు అది ఓటమిలా అనిపిస్తుంది. ఉపన్యాసాలతో ఆ అనుమానం పోలేదు. పక్క చేనువాడికి ఖర్చు తగ్గి, పంట తగ్గకపోవడం కళ్లారా చూశాకే తక్కినవాళ్లు కదిలారు. మహిళా సంఘాలు ఇంట్లో పోరు పెట్టాయి. ఆ పోరే అన్నిటికన్నా గట్టిగా పనిచేసిందని నాకనిపిస్తుంది.

అయితే పోరుతో కషాయం తయారవదు. వానలు మొదలయ్యే వేళ రాలిన వేపపళ్లు ఏరాలి, గుజ్జు కడగాలి, నీడన ఆరబెట్టాలి, దంచాలి. ఈ చాకిరీ ఆడవాళ్ల మీదే పడింది. దాన్ని ఊరికే చేయకుండా కూలి పనిగా మార్చుకోవడం వాళ్ల తెలివి. గింజలు పొడికొట్టే యంత్రం మహిళా సంఘం చేతికి వచ్చాక పొడి ఊళ్లోనే అమ్మకానికి దొరికింది. రైతుకు దుకాణంలో డబ్బా ఎంత సులువో, పొడి అంత సులువైంది.

2004లో పునుకుల పంచాయతీ తమది పురుగుమందులు లేని ఊరని ప్రకటించింది. ఆ తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఇదే పద్ధతిని రాష్ట్రంలోని ఇతర జిల్లాలకు తీసుకెళ్లింది, అదీ మహిళా సంఘాల ద్వారానే.